అంతేవాసి అంటే ఎవరు? (మాటా మనిషీ - 11)



ఈ వారం మాట రెండక్షరాలది. "అంత". ఇంతకంటే మామూలు మాట తెలుగులో వెతికినా దొరకదు. "అంత డబ్బు ఎక్కడిది?" "అంతా వచ్చారా?" "అంతే, ఇంకేం లేదు." రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్క ఉండదు. దీని మీద ఒక వ్యాసమా అని నవ్వుకోకండి. ఈ రెండక్షరాల్లో మన పల్లె ఉంది. నా పీహెచ్‌డీ ఉంది. బాబాసాహెబ్ చేసిన ఒక పెద్ద వాదన ఉంది. ఒక్కొక్కటే చెప్తాను.

ముందు మన తెలుగు "అంత" సంగతి. ఆ, ఈ, ఏ అనే మూడింటినీ చిన్నయసూరి త్రికం అన్నాడని ఇంటర్లోనే చదువుకున్నాం. ఆ అంటే దూరం, ఈ అంటే దగ్గర, ఏ అంటే ప్రశ్న. ఆ కుదురు నుంచి వచ్చినవే అంత, ఇంత, ఎంత. అంటే మన "అంత" ఒక కొలత. చెయ్యి చాపి చూపించే కొలత.

కొలత అన్నాక కొలిచేవాడు ఒకడు ఉంటాడు. మా నాయనమ్మ కోతలకి వెళ్లి గింజలు కూలిగా తెచ్చుకున్న రోజుల్లో కుంచం ఆమె చేతిలో లేదు. ఆసామి కళ్లంలో కొలిచి పోసి "అంతే" అనేవాడు. తక్కువైందని అడిగితే ఇంకోసారి "అంతే" అనేవాడు. మొదటి "అంతే" లెక్క. రెండోది ఆజ్ఞ. ఒకే మాట. మా ఇంట్లో వ్యాకరణం అలా మొదలైంది.

ఇప్పుడు సరిహద్దు దాటి చూద్దాం. చెన్నైలో బస్సెక్కితే "అంద" అని వినిపిస్తుంది. తమిళ లిపిలో రాసినప్పుడు అది మన "అంత" లాగే ఉంటుంది, పలికేటప్పుడు "అంద" అవుతుంది. "అంద పయ్యన్" అంటే ఆ పిల్లాడు. వాళ్లకి అది కొలత కాదు, చూపుడు వేలు. మన మాటకి దగ్గర చుట్టమే, చేసే పని వేరు. బెంగళూరు వెళ్తే "బర్తీని అంత హేళిద" అంటారు. వస్తానని చెప్పాడు అని అర్థం. అక్కడ "అంత" మన "అని". అను అనే క్రియ నుంచి వచ్చింది. ఎక్కడో బ్రెజిల్‌లో పోర్చుగీసు మాట్లాడే వాళ్లకి "అంత" ఒక అడవి జంతువు, టేపిర్ అంటాం చూడండి, అది. మనిషిని అలా పిలిస్తే బుర్ర తక్కువ అని తిట్టినట్టు.

ఇక సంస్కృతం. సంస్కృతంలో "అంత" అంటే చివర, అంచు, హద్దు. మన తెలుగులోకి అది అంతం అని వచ్చింది. అంత్యక్రియలు, అంత్యప్రాస అన్నీ దాని పిల్లలే. వినడానికి తెలుగు "అంత"కి కవల పిల్లలా ఉంటుంది కానీ ఏ చుట్టరికమూ లేదు. అసలు చుట్టరికం ఎవరితోనో తెలుసా? ఇంగ్లీషు "ఎండ్"తో. సంస్కృత "అంత", ఇంగ్లీషు "ఎండ్" ఒకే పాత వేరు నుంచి వచ్చాయని భాషాశాస్త్రం చెప్తుంది. ఒకేలా వినిపించేవన్నీ చుట్టాలు కావు. వేరుగా వినిపించేవన్నీ పరాయివి కావు. అంతఃపురం అన్నప్పుడు ముందున్న "అంతర్" కూడా వేరే మాటే. దానికి లోపల అని అర్థం. చెవికి పక్కపక్కనే ఉండే ఈ రెండు మాటల్లో ఒకటి రాజుగారి లోపలి గది, ఇంకోటి ఊరి చివర.

ఊరి చివర దగ్గరికి వచ్చాం. ఇక్కడ కాసేపు ఆగుదాం.

డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకి అంత్యప్రాస చెప్తున్న రోజు ఒక పిల్లాడు లేచి "మేడమ్, మరి అంత్యజుడంటే?" అని అడిగాడు. క్లాసంతా నిశ్శబ్దం. ఎవరు ఎవరి వైపు చూడకూడదో అందరికీ తెలిసిన నిశ్శబ్దం అది. ముందు బెంచీలో ఒకమ్మాయి మెల్లగా, "చివర పుట్టినవాడు మేడమ్" అంది. నిఘంటువు ప్రకారం ఆ అమ్మాయి చెప్పింది తప్పు కాదు. "జ" అంటే పుట్టినవాడు. అంత్య అంటే చివరి. చాలా టీకల్లో, పాఠ్యపుస్తకాల్లో అదే ఉంటుంది.

ఆ అర్థాన్ని నిలదీసినవాడు అంబేడ్కర్. 1948లో వచ్చిన "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో ఈ మాట పట్టుకుని వాదించాడు. ఆయన తర్కం ఎంత సూటిగా ఉంటుందో చూడండి. చివర పుట్టినవాడు అంటున్నారు, దేంట్లో చివర? సృష్టిలో చివర అంటారా? మీ పురుషసూక్తం లెక్కలో చిట్టచివర పుట్టింది శూద్రుడు. అంటరానివాడు నాలుగు వర్ణాల్లోనే లేడు, అవర్ణుడు. మీ సృష్టి కథలోనే లేనివాడు సృష్టికి చివర ఎలా అవుతాడు? కాబట్టి అంత్య అంటే సృష్టి చివర కాదు, ఊరి చివర. ఊరి చివర ఉండేవాళ్లకి పెట్టిన పేరు అది.

దీన్ని ఒక పదం మీద పండితుల పోట్లాటగా చూడకండి. చివర అనేది కాలంలో ఉందంటే మనం చేయగలిగిందేమీ లేదు. పుట్టుక అయిపోయింది, ఎవరూ వెనక్కి వెళ్లి ముందు పుట్టలేరు. చివర అనేది నేల మీద ఉందంటే సంగతి వేరు. నేల మీద గీత ఎవరో గీయాలి. గీసిన గీతకి ఒక రోజు ఉంటుంది, ఒక కారణం ఉంటుంది, గీసిన చెయ్యి ఉంటుంది. దాన్ని చెరపడం కూడా కుదురుతుంది. ఓడిన తెగల నుంచి చెదిరిపోయిన మనుషులు ఊరి అంచున కాపలాగా స్థిరపడ్డారని, బయట ఉండటం ముందు, అంటరానితనం తర్వాత వచ్చిందని ఆయన సిద్ధాంతం. దానితో విభేదించిన చరిత్రకారులు ఉన్నారు. ఉండనివ్వండి. పుట్టుకకి కట్టేసిన ఒక మాటని విప్పి, ఊరి పటం మీద పెట్టిన పని మాత్రం ఆయనదే.

ఇంకో సంగతి. ఈ మనిషిని బడిలో సంస్కృతం చదవనివ్వలేదు. కావాలనుకున్నా దొరకలేదు, పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత సొంతంగా నేర్చుకున్నాడు. తలుపు బయట నిలబెట్టిన భాషలోకి వెళ్లి, ఆ భాష తనకి పెట్టిన పేరుని పరీక్షకి పెట్టాడు. తెలుగు ఎంఏలో సంస్కృతం పేపర్ చూసి మనది కాదని భయపడే మన పిల్లలకి నేను ప్రతి ఏడాదీ ఇది చెప్తాను. మనల్ని తిట్టిన భాష మనకి బాగా రావాలి. లేకపోతే ఏ మాట తిట్టో ఏ మాట చుట్టరికమో కూడా వాళ్లే చెప్పాలి.

ఇప్పుడు ఈ వారం అసలు మాట. అంతేవాసి.

పీహెచ్‌డీ చేసిన వాళ్లకి ఈ మాట బాగా తెలుసు. "ఫలానా ఆచార్యుల అంతేవాసి" అని గౌరవంగా రాసుకుంటారు. శిష్యుడు అని అర్థం. "అంతే" అంటే సంస్కృతంలో చివరన, అంచున, దగ్గర. "వాసి" అంటే ఉండేవాడు. విభక్తి ఊడిపోకుండా అలాగే నిలబడ్డ అలుక్సమాసం. గురువు పక్కనే ఉండి చదువుకునేవాడు. పాణిని సూత్రాల్లో ఈ మాట ఉంది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే హితవు ఉంది చూడండి, అక్కడ శిష్యుడికి వాడింది ఈ మాటే. ఆ హితవునే ఇప్పటికీ కొన్ని విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో చదువుతారు.

అమరకోశం తెరవండి. రెండో కాండలో బ్రహ్మవర్గం ఉంటుంది. అక్కడ శిష్యుడికి ఛాత్రుడు, అంతేవాసి అని పర్యాయపదాలు ఇస్తాడు అమరసింహుడు. అక్కడితో పుస్తకం మూసేస్తే మీరు మంచి విద్యార్థి. మూయకుండా అదే కాండలో శూద్రవర్గం దాకా వెళ్లండి. చండాలుడికి పర్యాయపదాల వరస కనిపిస్తుంది. మాతంగుడు, నిషాదుడు, శ్వపచుడు, పుక్కసుడు. ఆ వరసలోనే, ఏ మార్పూ లేకుండా, అంతేవాసి.

ఒకే పుస్తకం, ఒకే కాండ, ఒకే మాట. ఒక చోట శిష్యుడు. ఇంకో చోట చండాలుడు.

పండితులు దీన్ని నానార్థం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ నిజానికి ఇక్కడ రెండు అర్థాలు లేవు. ఒకటే ఉంది: అంచున ఉండేవాడు. ఎవరి అంచున? అదొక్కటే తేడా. గురువు ఇంటి అంచున ఉంటే చదువు, గౌరవం, కొన్నాళ్లకి తనే గురువు. ఊరి అంచున ఉంటే చావు డప్పు, చచ్చిన గొడ్డు, ఎత్తిపోసే నీళ్లు. మాటలో ఏ దోషమూ లేదు. మాట నిలబడిన చోటు వేరు.

తెలుగు చెవితో వింటే ఇంకో అర్థం కూడా వినిపిస్తుంది. రాశి కన్నా వాసి మేలు అంటాం కదా. "అంతే వాసి" అంటే మీ నాణ్యత అంతే అన్నట్టు. ఇది వ్యుత్పత్తి కాదు, వట్టి శబ్దసామ్యం. కానీ రిజర్వేషన్ సీటు అనే మాట క్లాసులో ఎవరో గొణిగినప్పుడల్లా నాకు ఈ శ్లేషే వినిపించేది.

నా సంగతి కొంచెం చెప్తాను. నేను పీహెచ్‌డీ చేసిన విభాగంలో ఒక పెద్దాయనకి అభినందన సంచిక వేశారు. వెనక పేజీల్లో శిష్యుల జాబితా ఉంది, రెండు శీర్షికల కింద. "అంతేవాసులు" ఒకటి, "పరిశోధక విద్యార్థులు" ఒకటి. ఇద్దరికీ పర్యవేక్షకుడు ఆయనే. డిగ్రీ ఒకటే. నా పేరు రెండో దాంట్లో ఉంది. నాతో పాటు ఇంకో ముగ్గురివి ఉన్నాయి. మా నలుగురి ఊళ్లు వేరు, జిల్లాలు వేరు, అంశాలు వేరు. ఊళ్లో మా ఇళ్లుండే చోటు మాత్రం ఒకటే.

జాబితా తయారు చేసిన ఆయన్ని అడిగాను. "ఏం లేదమ్మా, సార్ ఇంటికి బాగా వస్తూ పోతూ ఉండేవాళ్లని అలా వేశాం" అన్నాడు. నిజమే చెప్పాడు. నాలుగేళ్లలో నేను ఆ ఇంటి వరండా దాటలేదు. అధ్యాయాలు వరండాలోనే ఇచ్చాను, దిద్దుబాట్లు వరండాలోనే తీసుకున్నాను. నాతో చేరిన వాళ్లు లోపలికి వెళ్లి బీరువాలోంచి పుస్తకాలు తెచ్చుకునేవాళ్లు, వంటింట్లోంచి టీ తెచ్చేవాళ్లు. నన్ను ఎవరూ రావద్దనలేదు. రమ్మనలేదు, అంతే.

అప్పుడు అమరకోశం నాకు పూర్తిగా అర్థమైంది. నేనూ అంతేవాసినే. వాళ్లు బ్రహ్మవర్గంలో అంతేవాసులు, నేను శూద్రవర్గంలో అంతేవాసిని. ఆ మాట నా పేరు పక్కన అచ్చు వేయకపోయినా, ఆ వరండాలో నేను నాలుగేళ్లు దాని అర్థంలో నిలబడ్డాను.

ఊరి అంచు ఎలా వచ్చిందో రాతపూర్వకంగా కావాలంటే మనుస్మృతి 10వ అధ్యాయం 51వ శ్లోకం చూడండి. చండాలులు, శ్వపచులు ఊరి బయటే నివసించాలని ఉంటుంది. అత్రిస్మృతి ఏడుగురు అంత్యజుల జాబితా ఇస్తుంది. చాకలి, చర్మకారుడు, నటుడు, మేదరి, జాలరి అలా సాగుతుంది అది. చర్మకారుడు అన్న మాట గుర్తుంచుకోండి. ఇప్పుడు మనం అమరావతి వెళ్తున్నాం.

కృష్ణ ఒడ్డున ధాన్యకటకం మహాచైత్యానికి క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఎవరెవరో రాళ్లు దానం చేశారు. దానం చేసిన వాళ్ల పేర్లు, వృత్తులు ప్రాకృతంలో చెక్కారు. ఆ శాసనాల్లో "అతేవాసిక" అనే మాట వస్తుంది. మన అంతేవాసే. శిష్యుడని అర్థం. "అతేవాసిని" అని ఆడవాళ్లకీ వస్తుంది. భిక్షుణులు, వాళ్ల శిష్యురాళ్లు తమ పేరుతో దానాలిచ్చారు. ఆడమనిషి చదువుకున్నదిగా, ఒకరి శిష్యురాలిగా రాయి మీద పేరు చెక్కించుకుంది మన నేల మీదే.

అదే అమరావతిలో ఒక పలక ఉంది. దాని మీద పూర్ణఘటం, కింద శాసనం. ఆ పలక దానం చేసింది విధికుడు. ఆయన "చమ్మకార", చర్మకారుడు. తండ్రి పేరు నాగ "ఉపజ్ఝాయ". అంటే ఉపాధ్యాయుడు. మళ్లీ చదవండి. తోలుపని చేసే మనిషి, చదువు చెప్పే మనిషి కొడుకు. చర్మకారుడిని అంత్యజుడని రాసిన అదే దేశంలో, ఇంకో చోట, ఇంకో ధర్మం కింద, అతని తండ్రి గురువు. ఈ ఒక్క శాసనం చూపించి అప్పట్లో కులం లేదని నేను అనను. ఒక్క రాయి అంత బరువు మోయలేదు. కానీ చర్మం పనీ చదువు పనీ ఒకే ఇంట్లో ఉండగలిగాయని మాత్రం ఆ రాయి సాక్ష్యం చెప్తుంది.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాజముద్ర మధ్యలో ఉన్న పూర్ణఘటం విధికుడు ఇచ్చిందే. ఆ ముద్ర కింద వచ్చే ఉత్తర్వులు మనం ఏళ్లుగా చూస్తున్నాం. దాని మీద ఒక తోలుపని మనిషి దానం ఉందని ఎంతమంది మాస్టార్లు పిల్లలకి చెప్తున్నారు?

ఇక మన కాలానికి వద్దాం. 2016 జనవరి మొదట్లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని హాస్టల్ నుంచి బయటికి పంపారు. వాళ్లు ఇంటికి పోలేదు. క్యాంపస్‌లోనే ఆరుబయట టెంట్ వేసుకుని, అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయిల పటాలు పెట్టుకుని, చలిలో పడుకున్నారు. ఆ చోటుకి వాళ్లు పెట్టిన పేరు మీకు తెలుసు. వెలివాడ.

నేను ఆ పేరు విన్నప్పుడు ఎంత కచ్చితమైన మాట ఎంచుకున్నారా అనుకున్నాను. హాస్టల్‌లో ఉండి చదువుకునే వాళ్లు, అంటే అమరకోశం బ్రహ్మవర్గంలో చెప్పిన అంతేవాసులు. ఒక్క ఉత్తర్వుతో వాళ్లు శూద్రవర్గంలో చెప్పిన అంతేవాసులయ్యారు. మనుషులు మారలేదు. చదువు మారలేదు. ఫెలోషిప్ దరఖాస్తుల మీద పేర్లు మారలేదు. పడుకునే చోటు మారింది. ఆ మార్పుకి సంస్కృతం దాచిపెట్టిన పేరు ఒకటుంటే, తెలుగు దాచకుండా చెప్పే పేరు ఒకటుంది. వాళ్లు తెలుగుది తీసుకున్నారు. వెలి అంటే బయట. వేసిన వాళ్లు ఎవరో ఆ మాటే అడుగుతుంది. ఆ ఐదుగురిలో ఒకడు రోహిత్ వేముల. జనవరి 17న అతను మనకి లేకుండా పోయాడు.

కాబట్టి మాట పుట్టుక తెలుసుకోవడం ఒక సరదా కాదు నాకు. మాట పుట్టుక ఒక్కటే చాలదు కూడా. అంత్య అనే మాట ఎక్కడ పుట్టిందో ఇంగ్లీషు "ఎండ్"తో కలిపి చెప్పేస్తే భాషాశాస్త్రం పరీక్షలో మార్కులు వస్తాయి. ఆ మాట ఎవరి మీద వాడారు, ఎవరు వాడారు, ఎక్కడ నిలబడి వాడారు అని అడిగితే అంబేడ్కర్ చేసిన పని అవుతుంది.

మళ్లీ మన తెలుగు "అంత" దగ్గరికి వస్తాను, ఎందుకంటే దాన్ని కూడా ఊరికే వదలకూడదు. "ఊరంతా కదిలింది" అంటారు పేపర్లో. ఆ ఊరులో పల్లె ఉందా? "ఊరంతా భోజనాలకి రండి" అని మైకులో చెప్తారు. ఆ "అంతా"లో మన పంక్తి ఎప్పుడు లేస్తుంది, ఎక్కడ కూర్చుంటుంది? "ఊరూ వాడా ఏకమైంది" అంటారు సంబరంగా. రెండూ వేరని తెలిసిన భాషే ఆ సామెత లాంటి మాటని పుట్టించింది. తెలుగులో "అంతా" అందర్నీ కలుపుకునే మాట. కలుపుకునేది మనుషులు కావాలి, మాట తనంతట తాను ఎవరినీ కలపదు.

విద్యార్థి మిత్రులకి రెండు పనులు చెప్పి ముగిస్తాను. ఒకటి, నిఘంటువు తెరిచినప్పుడు మొదటి అర్థం దగ్గర ఆగకండి. రెండో అర్థం, మూడో అర్థం చదవండి. మన వాళ్లు తరచుగా అక్కడే ఉంటారు, పుస్తకంలో కూడా చివరే. రెండు, మీ పరిశోధన గ్రంథంలో కృతజ్ఞతలు రాసేటప్పుడు మీరు నిజంగా ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నారో వాళ్ల పేర్లు రాయండి. మెస్‌లో అర్ధరాత్రి మీ అధ్యాయం చదివిన సీనియర్ అన్న, లైబ్రరీలో పుస్తకం దాచిపెట్టి ఇచ్చిన అటెండర్ గారు, కుంచం లెక్క తప్పని నోటిలెక్కతో పట్టుకున్న మీ నాయనమ్మ. అంతేవాసి అంటే దగ్గర ఉండి నేర్చుకున్నవాడైతే, మనం వీళ్ల అంతేవాసులం. ఆ మాట తీసుకుని వీళ్ల పేర్ల పక్కన పెట్టండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వచ్చే ఆదివారం "త" తీసి "ట" పెడదాం. అంటు. అంటుమామిడిలో ఉన్నదీ, అంట్లు తోమడంలో ఉన్నదీ, అంటరానిలో ఉన్నదీ ఒకే మాట ఎలా అయిందో చూద్దాం.

జై భీమ్.